ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత ప్యాడ్: పెద్దదా, చిన్నదా, ఎన్నాళ్లు?

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు గ్రంథి మొత్తం తీసేసిన తర్వాత ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో మందుల వివరం ఉంటుంది, కుట్లు ఎప్పుడు విప్పాలో ఉంటుంది, మూత్రపు పైపు తీసే తేదీ ఉంటుంది. పైపు తీశాక కారే మూత్రానికి ఏం కట్టుకోవాలన్న విషయం మాత్రం చాలాసార్లు ‘డైపర్లు తెచ్చి పెట్టుకోండి’ అన్న నోటిమాటతో తేలిపోతుంది.

ఈ ప్రశ్న మీద గత పాతికేళ్లలో వైద్య పత్రికల్లో నడిచిన చర్చ చిన్నదేమీ కాదు. మూడు వేర్వేరు సంగతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అది చిక్కుపడింది. ప్యాడ్ ఎంత పీలుస్తుంది? ప్యాడ్ సైజు కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుందా? రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నాడన్న లెక్కతో ఆపరేషన్ ఫలితాన్ని కొలవవచ్చా? తయారీదారు మొదటిదానికి, ఫిజియోథెరపిస్టు రెండోదానికి, పరిశోధకుడు మూడోదానికి జవాబు చెబుతుంటారు. మెడికల్ షాపు ముందు నిలబడ్డ మనిషికి మాత్రం ముగ్గురూ ఒకే విషయం మాట్లాడుతున్నట్టు, అదీ ఒకరి మాట ఒకరు కొట్టేస్తున్నట్టు వినిపిస్తుంది.

కారడానికి కారణం, కారే తీరు

మూత్రాన్ని ఆపే ఏర్పాట్లు మగవారి శరీరంలో రెండున్నాయి. మూత్రాశయం మెడ దగ్గర మన ప్రమేయం లేకుండా బిగిసి ఉండే కండరం ఒకటి. ప్రొస్టేట్‌కు దిగువన, మనం కావాలని బిగించగలిగే కండరం రెండోది. గ్రంథిని పూర్తిగా తీసే ఆపరేషన్‌లో పై కండరం పని చాలావరకు పోతుంది. మూత్రాశయాన్ని కిందికి తెచ్చి మూత్రనాళానికి కుడతారు. ఆ అతుకు మానడానికి వారం, రెండు వారాలు పైపు ఉంచుతారు. పైపు తీసిన రోజు నుంచి భారమంతా కింది కండరానిదే.

అందుకే ఈ కారడానికి ఒక పద్ధతి ఉంటుంది. పడుకుంటే తక్కువ, లేచి నిలబడితే ఎక్కువ. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా, నేల మీద కూర్చుని లేచినా చిమ్ముతుంది. పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికి కండరం అలసిపోయి ఎక్కువవుతుంది. ప్యాడ్ ఎంచుకోవడానికి ప్యాకెట్ మీది బొమ్మల కంటే ఈ పద్ధతే ఎక్కువ పనికొస్తుంది.

ఎన్నాళ్లు ఉంటుందన్నదానికి నమ్మదగిన లెక్కలు బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ ట్రయల్‌లో ఉన్నాయి. 1,643 మంది మగవారిని ఆపరేషన్, రేడియేషన్, మందేమీ లేకుండా కనిపెట్టి ఉండటం అనే మూడు దారుల్లోకి చీటీ వేసినట్టుగా పంపారు. ఆపరేషన్ వైపు వెళ్లినవారిలో ఆరు నెలలకు 46 శాతం మంది ప్యాడ్ వాడుతున్నారు. ఆరేళ్లకు అది 17 శాతానికి దిగింది. పన్నెండేళ్లకు మళ్లీ 24 శాతానికి చేరింది. వయసు పైబడటంతో మిగతా రెండు గుంపుల్లోనూ ప్యాడ్ వాడకం ఎంతో కొంత ఉంది గానీ, ఆపరేషన్ గుంపులోనే ఎక్కువ. కాబట్టి ఎక్కువమందికి ఇది కొన్ని నెలల ముచ్చట. కొద్దిమందికి మాత్రం ఏళ్ల తరబడి కొనసాగుతుంది. ఈ రెండు వర్గాలకూ ఒకే సలహా ఇవ్వడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది.

క్యాన్సర్ లేకుండా కేవలం గ్రంథి పెరిగినందుకు లోపలి నుంచి చెక్కి తీసే ఆపరేషన్ల సంగతి వేరు. అక్కడ ఎక్కువగా కనిపించేది ఆపుకోలేని తొందర. సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. స్త్రీలలో గర్భసంచి ఆపరేషన్ల తర్వాత వచ్చే లీకుకు కారణాలూ, శరీర నిర్మాణమూ వేరు. ఇక్కడి వాదనలను అక్కడికి నేరుగా తీసుకుపోలేం.

ఆపరేషన్ పాతది, ప్యాడ్ కొత్తది

అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ ప్రొస్టేట్ క్యాన్సర్‌కు గ్రంథి మొత్తం తీసే ఆపరేషన్ చేసింది 1904లో. అదే ఆసుపత్రిలో 1982లో పాట్రిక్ వాల్ష్ నరాలను కాపాడుతూ చేసే పద్ధతిని తెచ్చాడు. 2000 తర్వాత రోబో వచ్చింది. సర్జరీకి ఇంత చరిత్ర ఉంటే, దాని వెంట వచ్చే తడికి చాలాకాలం పాత గుడ్డలే దిక్కు. లేదంటే నడుముకు కట్టుకునే రబ్బరు సంచి, అంగాన్ని బయటి నుంచి నొక్కి ఉంచే కన్నింగ్‌హామ్ క్లాంప్.

మార్పు తెచ్చింది సోడియం పాలీయాక్రిలేట్ అనే పొడి. తడి తగిలితే జెల్‌గా మారే ఈ పదార్థాన్ని 1970ల చివర జపాన్‌లో శానిటరీ ప్యాడ్లలో వాడటం మొదలుపెట్టారు. 1980లలో డైపర్లలోకి వచ్చింది. అంతకు ముందు ఎక్కువ పీల్చాలంటే గుజ్జు దట్టించి మందం పెంచడమే మార్గం. జెల్ వచ్చాక ప్యాంటు కింద కనిపించనంత పలుచటి ప్యాడ్ సాధ్యమైంది.

ఈ పొడి తన బరువుకు వందల రెట్లు నీరు పీలుస్తుందన్న మాట మంచినీళ్ల విషయంలో నిజం. మూత్రంలో లవణాలుంటాయి, అవి జెల్ ఉబ్బకుండా అడ్డుపడతాయి. పీల్చే శక్తి పదోవంతుకు దగ్గరగా పడిపోతుంది. ప్యాకెట్ మీద వేసే సామర్థ్యపు అంకెకు ఆధారంగా వాడే అంతర్జాతీయ ప్రమాణం 1996 నాటిది. ప్యాడ్‌ను ద్రవంలో ముంచి, పైకి తీసి, కారాల్సింది కారాక ఎంత మిగిలిందో తూచడం అందులోని పద్ధతి. నడిచే మనిషి ఒంటి మీద, తొడల మధ్య నలిగిన ప్యాడ్ అంత పీల్చదు. పైగా మగవారికి మూత్రం ఒకేచోట, ముందు భాగంలో, వేగంగా పడుతుంది. వెనకంతా పొడిగా ఉండగానే ముందు పొంగి పక్కల నుంచి కారుతుంది. ‘ఇన్ని మిల్లీలీటర్లు’ అన్న అంకెను రెండు ప్యాడ్లను పోల్చడానికి వాడుకోవచ్చు. అంత మూత్రం పట్టేదాకా మార్చనక్కర్లేదని అనుకోవడం పొరపాటు.

పెద్దదే మంచిదనేవారు, చిన్నదే చాలనేవారు

పెద్దదానితో మొదలుపెట్టమనేవారి వాదన మనసుకు సంబంధించింది. పైపు తీసిన మొదటి రోజుల్లో ఎంత కారుతుందో ఎవరూ చెప్పలేరు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే దారిలోనే ప్యాంటు తడిసిన మనిషి వారాల తరబడి గడప దాటడానికి జంకుతాడు. నడవడు, నలుగురిలోకి రాడు. మరికొందరు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. మూత్రం చిక్కబడి మంట పెడుతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కితే మళ్లీ కారుతుంది. కాబట్టి తొలి వారం, రెండు వారాలు ప్యాంటులా తొడుక్కునే డైపర్ గానీ, పక్కల అతికించే డైపర్ గానీ వేసుకుని ధైర్యంగా ఉండమంటారు.

చిన్నదే చాలనేవారు ప్రధానంగా ఫిజియోథెరపిస్టులు, నర్సులు. పెద్ద డైపర్ వేసుకున్నవాడు కండరాన్ని బిగించడం మానేస్తాడని, మూత్రశాలకు వెళ్లే అలవాటే తప్పిపోతుందని వారి భయం. చిన్న ప్యాడ్ తడి తెలియజేస్తుంది, తడి వ్యాయామాన్ని గుర్తుచేస్తుంది అంటారు. వినడానికి సబబుగానే ఉంది. దీనికి ఆధారం మాత్రం వారి వృత్తి అనుభవమే.

ఈ వాదన నిలబడాలంటే ముందు వ్యాయామం పనిచేస్తుందని తేలాలి. అక్కడే అసలు చిక్కు. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలను 1948లో ఆర్నాల్డ్ కీగెల్ ప్రచారంలోకి తెచ్చింది స్త్రీల కోసం. ప్రొస్టేట్ ఆపరేషన్ అయినవారి మీద బెల్జియంలో జరిగిన ట్రయల్ 2000లో లాన్సెట్‌లో వచ్చింది. మూడు నెలలకు వ్యాయామం చేసినవారిలో 88 శాతం మందికి లీకు ఆగితే, చేయనివారిలో 56 శాతం మందికే ఆగింది. పదకొండేళ్లకు అదే పత్రికలో బ్రిటన్ నుంచి మ్యాప్స్ ట్రయల్ వచ్చింది. ఫిజియోథెరపిస్టు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పినవారిలో ఏడాదికి 76 శాతం మంది, మామూలు సలహాతో సరిపెట్టినవారిలో 77 శాతం మంది ఇంకా ఎంతో కొంత లీకవుతూనే ఉన్నారు. తేడా లేదన్నమాట.

ఈ రెండూ ఒకదాన్నొకటి పూర్తిగా ఖండించుకోవు. మొదటిది ప్యాడ్‌ను తూచి మూడు నెలల ఫలితం చెప్పింది. రెండోది రోగుల మాట విని ఏడాది ఫలితం చెప్పింది. రెండో ట్రయల్‌లో మామూలు సలహా పొందినవారిలోనూ వ్యాయామం చేసినవారున్నారు. త్వరగా తేరుకోవడానికి వ్యాయామం కొంత సాయపడవచ్చు, ఏడాది తిరిగేసరికి ఆ మేలు కరిగిపోవచ్చు అన్న మధ్యేమార్గపు అభిప్రాయం ఇందులోంచే పుట్టింది. వ్యాయామం సంగతే ఇంత అనుమానంగా ఉంటే, పెద్ద ప్యాడ్ వ్యాయామాన్ని చెడగొట్టి కోలుకోవడాన్ని ఆపుతుందన్న హెచ్చరిక ఇంకా బలహీనం. తొలి వారాల్లో పెద్ద డైపర్ వేసుకున్నందుకు ఎవరూ తప్పుచేసినట్టు అనుకోనక్కర్లేదు. తడి సగానికి తగ్గాక కూడా దాన్నే పట్టుకుని వేలాడటంలో డబ్బు దండగ, చర్మానికి చేటు. చిన్నదానికి మారడానికి ఈ రెండు కారణాలు చాలు.

ఒక్క రకంతో కుదరదనేవారు

ఈ ఇద్దరి మధ్య మూడో బృందం వేరే దారి పట్టింది. బ్రిటన్‌లో మాండీ ఫేడర్, అలన్ కాటెన్‌డెన్ తదితరులు 2008లో ప్రచురించిన పెద్ద పోలికలో నిజమైన వాడకందారులకే రకరకాల ప్యాడ్లు ఇచ్చి అడిగారు. ఎక్కువ లీకయ్యే మగవారికి అతికించే డైపర్ మెరుగ్గా, చవకగా పడింది. స్త్రీలు తొడుక్కునే రకాన్ని ఇష్టపడ్డారు. పగలు ఒకటి, రాత్రి మరొకటి, ఇంట్లో ఒకటి, బయట మరొకటి అని కలిపి వాడటమే మేలని వారు తేల్చారు. కొద్దిగా లీకయ్యే మగవారి మీద అంతకు ముందు చేసిన పరిశీలనలో, ఆకులా ఒంపు తిరిగిన ప్యాడ్లు సంచీలా అంగానికి తొడిగేవాటి కంటే బాగా పనిచేశాయి. సంచీ ఒకసారి తడిశాక మళ్లీ తొడగడం కష్టం, నడిస్తే జారిపోతుంది.

2015లో మార్గరెట్ మెకాలే బృందం ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్స అయి ఏడాది దాటినా లీకు తగ్గని 56 మందిని తీసుకుంది. ప్యాడ్, కండోమ్ క్యాథెటర్ (అంగానికి తొడిగి గొట్టంతో సంచికి కలిపే తొడుగు), నడుముకు కట్టుకునే మూత్రపు సంచి, క్లాంప్ ఒకదాని తర్వాత ఒకటి వాడించింది. రోజువారీ పనులకూ రాత్రికీ ప్యాడ్ నెగ్గింది. గంటల తరబడి మార్చుకునే వీలు లేని ప్రయాణాలకు కండోమ్ క్యాథెటర్ నెగ్గింది. ఈత, పరుగు వంటి కొద్దిసేపటి శ్రమకు క్లాంప్ అన్నింటికన్నా భద్రంగా నిలిచింది గానీ, దాదాపు అందరూ నొప్పి, అసౌకర్యం అన్నారు. కండోమ్ క్యాథెటర్ నిలవనివారికి తప్ప నడుముకు కట్టే సంచి పెద్దగా నచ్చలేదు.

ఈ ఫలితాన్ని అప్పుడే ఆపరేషన్ అయినవారికి వర్తింపజేసేముందు ఆగాలి. లోపలి అతుకు ఇంకా ముదరని వారాల్లో క్లాంప్ జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు. తర్వాతైనా గంట, రెండు గంటలకొకసారి వదులు చేయాలి, రాత్రి పెట్టుకుని నిద్రపోకూడదు. స్పర్శ తగ్గినవారికి, మతిమరుపు ఉన్నవారికి అది పనికిరాదు. కండోమ్ క్యాథెటర్‌కు సరైన కొలత కావాలి. వదులైతే ఊడుతుంది, బిగువైతే పుండు పడుతుంది.

కొత్తగా కోసిన ఒంటికి ఇంకొన్ని లెక్కలుంటాయి, పెద్ద పోలికల్లో అవి అంతగా కనిపించవు. బొడ్డు కింద నిలువుగా కోసిన మనిషికి తొడుక్కునే డైపర్ నడుము ఎలాస్టిక్ సరిగ్గా గాయం మీద పడవచ్చు. అతికించేదైతే కిందికి దించి కట్టుకోవచ్చు. వృషణాల వాపు ఉన్నప్పుడు బిగువైన బ్రీఫ్ ఆసరాగా ఉంటుంది, అందులో అంటించుకునే ప్యాడ్ కూడా కదలకుండా నిలుస్తుంది. పైపు ఉన్నప్పుడే దాని పక్కల నుంచి కొంత కారేవారికి చిన్న ప్యాడ్ చాలు.

మన ఇళ్లలో, మన వీధుల్లో

ఈ పరిశోధనలన్నీ ఇంట్లో కూడా బ్రీఫ్, ప్యాంటు వేసుకుని, కుర్చీలో కూర్చుని, పాశ్చాత్య కమోడ్ వాడేవారి మీద జరిగినవి. లుంగీ లేదా పంచె కట్టుకుని, లోపల వదులు డ్రాయర్ వేసుకునే మనిషికి మగవారి కోసం చేసిన పలుచటి ప్యాడ్ నిలవదు. ఒంటికి అంటిపెట్టుకునే లోదుస్తు లేకపోతే ఎంత ఖరీదైనదైనా పక్కకు జారుతుంది. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి నుంచి లేచే క్షణమే అన్నింటికంటే ఎక్కువ కారే క్షణం. లేవబోయే ముందు కండరాన్ని బిగించి అప్పుడు లేవమని ఫిజియోథెరపిస్టులు చెప్పేది అందుకే.

తొడుక్కునే డైపర్ మార్చాలంటే ప్యాంటు పూర్తిగా విప్పాలి. బస్టాండు మరుగుదొడ్డిలో తడి నేల మీద నిలబడి ఆ పని చేసిచూస్తే, అంటించుకునే ప్యాడ్లను, పక్కల అతికించే డైపర్లను కొందరు ఎందుకు మెచ్చుకుంటారో అర్థమవుతుంది. మగవారి మరుగుదొడ్లలో చెత్తబుట్ట ఉండదు కూడా. ఇది ఇక్కడి లోటు మాత్రమే కాదు. బ్రిటన్‌లో ప్రొస్టేట్ క్యాన్సర్ యూకే సంస్థ ఇదే విషయం మీద ‘బాయ్స్ నీడ్ బిన్స్’ అని ప్రచారం నడుపుతోంది.

మగవారి ప్యాడ్ దొరకని ఊళ్లో ఇంట్లో ఆడవాళ్ల శానిటరీ ప్యాడ్ చేతికందుతుంది. అది చిక్కగా, నిదానంగా వచ్చే స్రావానికి చేసింది. పలుచగా ఒక్కసారిగా చిమ్మే మూత్రాన్ని అంత వేగంగా లోపలికి లాగదు. చుక్కలు చుక్కలుగా పడే దశకు చేరినవారికి సరిపోతుంది, అంతకు ముందు నమ్మడానికి లేదు. ఖర్చులోనూ తేడా ఉంది. 2018 జూలై నుంచి శానిటరీ ప్యాడ్లకు జీఎస్టీ లేదు. పెద్దవారి డైపర్లకు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరులో 5 శాతానికి తగ్గించారు.

ఉతికి వాడే రకాల మీద వాదన ఖర్చుకూ చెత్తకూ సంబంధించింది. కొద్దిగా లీకయ్యేవారికి లోపల పొర కుట్టిన ఉతికే డ్రాయర్ దీర్ఘకాలంలో చవక. ఎక్కువ కారేవారికి తడి నిలిచిపోతుంది, పైగా ఉతికే భారం సాధారణంగా భార్య మీద పడుతుంది. ఈ చివరి ఖర్చును ఏ లెక్కలోనూ సరిగా వేయలేదు. పారేసేవాటి విషయంలో 2016 ఘన వ్యర్థాల నిబంధనలు వాడిన డైపర్‌ను విడిగా చుట్టి పొడి చెత్తలో వేయమన్నాయి, అందుకు కవర్లు ఇచ్చే బాధ్యత తయారీదారుదే అన్నాయి. ఆచరణలో పాత న్యూస్‌పేపరే కవరు. కమోడ్‌లో వేస్తే మాత్రం జెల్ ఉబ్బి పైపు మూసుకుపోతుంది.

చర్మం సంగతి క్లుప్తంగా. మూత్రంలోని యూరియా అమోనియాగా మారితే చర్మానికి సహజంగా ఉండే ఆమ్లగుణం పోతుంది, ఎర్రబడి ఒరుసుకుపోతుంది. మార్చినప్పుడల్లా కడిగి, రుద్దకుండా అద్ది, క్రీము పలుచగా రాయాలి. దట్టంగా పూస్తే అది ప్యాడ్ పైపొరకు అంటి పీల్చకుండా చేస్తుంది. టాల్కమ్ పౌడర్ తడితో ముద్దకడుతుంది, మానడమే మంచిది.

ప్యాడ్ల లెక్కా, గ్రాముల లెక్కా

ఆపరేషన్ ఫలితాలను ‘రోజుకు ఎన్ని ప్యాడ్లు’ అన్న లెక్కతో చెప్పడం వైద్య సాహిత్యంలో స్థిరపడిపోయింది. ఒక్క ప్యాడ్ కూడా వాడనివారినే బాగైనవారని కొందరంటారు. ధైర్యానికి రోజుకొకటి పెట్టుకునేవారిని కూడా బాగైనవారిలో కలిపేస్తారు మరికొందరు. ఒకే ఆసుపత్రి ఫలితం ఈ గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. రోబో, మామూలు ఆపరేషన్లను పోల్చిన స్వీడన్ అధ్యయనం 2015లో ఏడాది తర్వాత రోబో వైపు 21.3, మామూలు వైపు 20.2 శాతం మందికి లీకు ఉందని చెప్పింది. అక్కడ గీత రోజుకు కనీసం ఒక్కసారి ప్యాడ్ మార్చడం దగ్గర ఉంది. చుక్క పడినా లీకే అని లెక్కేస్తే అంకె వేరే ఉంటుంది. ఆసుపత్రి చెప్పే శాతాన్ని నమ్మేముందు ఏ గీతతో కొలిచారని అడగాలి.

ప్యాడ్ల సంఖ్య తడికి మంచి కొలత కాదన్నదాంట్లో పెద్ద వివాదం లేదు. శుభ్రత పట్టింపు ఉన్నవాడు చుక్క పడ్డా మారుస్తాడు, పూజకు ముందు మరొకటి మారుస్తాడు. డబ్బుకు ఇబ్బందిపడేవాడు నానిపోయేదాకా మోస్తాడు. ఇద్దరూ రోజుకు మూడంటే ఇద్దరి తడీ ఒకటి కాదు. తూచడం నయం. పొడి ప్యాడ్ బరువు చూసి పెట్టుకుని, 24 గంటల్లో వాడినవన్నీ మూసిన కవర్లో వేసి, వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి, పొడి బరువు తీసేస్తే వచ్చే ఒక్కో గ్రాము దాదాపు ఒక్కో మిల్లీలీటరు. నెలకొకసారి ఇలా చూస్తే పెరుగుతోందా తగ్గుతోందా తెలుస్తుంది, ఎంత సైజు కొనాలో కూడా తేలుతుంది. రోజుకు 60 గ్రాములు కారే మనిషి 900 మిల్లీలీటర్ల డైపర్ కొనడంలో అర్థం లేదు.

త్రాసు చెప్పనివీ ఉన్నాయి. ధార సన్నబడి, ముక్కి పోయాల్సివస్తూ, ప్యాడ్ మాత్రం ఎప్పుడూ తడిగా ఉంటే మూత్రాశయం ఖాళీ కాక పొంగి కారుతోందేమో చూడాలి. అతుకు దగ్గర ఇరుకైనా ఇలాగే జరుగుతుంది. జ్వరం, మంట, రక్తపు గడ్డలు, తగ్గుతూ వచ్చిన లీకు ఉన్నట్టుండి పెరగడం కనిపిస్తే ప్యాడ్ సైజు పెంచి ఊరుకోకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇంకా తేలనివి

ప్యాడ్ సైజుకూ కోలుకునే వేగానికీ సంబంధం ఉందా అన్నది సూటిగా పరీక్షిస్తేనే తేలుతుంది. తొలి ఆరు వారాల్లో ఏది మేలన్నదానికీ పెద్ద పోలికలు జవాబివ్వవు. మెకాలే బృందం పరీక్షించింది ఏడాది దాటినవారిని. పంచె కట్టేవారికి, నేల మీద కూర్చునేవారికి తగిన ఆకారం ఏదన్నది విదేశీ ట్రయల్స్ నుంచి తేలే ప్రశ్న కాదు.

ఎన్నాళ్లు ప్యాడ్‌తో నెట్టుకురావాలన్న దగ్గర మాత్రం కొంత స్పష్టత వచ్చింది. అమెరికా యూరాలజీ సంఘం 2019 మార్గదర్శకాల ప్రకారం, వ్యాయామాలు చేసినా మెరుగుపడక ఇబ్బంది పెట్టే లీకు ఉంటే ఆరు నెలలకే లీకును ఆపే ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు. ఏడాదికి కూడా ఉంటే డాక్టరు ఆ మాట తప్పక చెప్పాలి. మూత్రనాళానికి ఆసరాగా పెట్టే పట్టీ, మూత్రాన్ని ఆపే కండరం పని చేసే పరికరమైన కృత్రిమ స్ఫింక్టర్ అప్పటి దారులు. కృత్రిమ స్ఫింక్టర్ 1970ల నుంచీ ఉన్నదే, ఖరీదు ఎక్కువ. నెలనెలా డైపర్లకు పోసే డబ్బును ఏళ్ల మీద లెక్కేసి ఆ ఖరీదుతో పోల్చి చూసే పని మాత్రం ఇప్పటికీ ఎక్కువగా రోగి ఇంటివాళ్లే సొంతంగా చేసుకోవలసివస్తోంది.